పీరాసాబ్ చూపించిన ఇల్లు

ముదిగుబ్బలో పీరాసాబ్ మేస్త్రీ కాల్చని మట్టి ఇటుకలతో ఒక ఆఫీసు కట్టాడు. మే నెలలోనూ లోపల చల్లగా ఉండేది. 2007లో నందిని అనే ఇంజనీరు అనంతపురం నుంచి వచ్చింది. ఆ కట్టడం వల్ల భూమిని వేడెక్కించే పొగ ఎంత తగ్గిందో ఆమె లెక్కగట్టాలి.

"రాని పొగను ఎట్ల కొలుస్తావమ్మా?" అన్నాడు పీరాసాబ్.

"ఇవే కొలతల్లో సిమెంటు ఇల్లు ఒకటి చూపించన్నా. దాని ఇటుకలకు, సిమెంటుకు, కరెంటుకు ఎంత పొగ లేచిందో చూసి తేడా తీస్తా."

మేస్త్రీ ఇష్టం లేకుండానే ఆమెను తన ఇంటికి తీసుకుపోయాడు. ఊళ్లో ఆ కొలతల ఇల్లు ఒక్కటే ఉంది, అది ఆయనదే. మట్టి గోడలంటే నామోషీ అని భార్య మస్తానాబీ పట్టుబట్టి సిమెంటుతో కట్టించుకుంది.

నందిని చెమటలు తుడుచుకుంటూ రెండు ఫ్యాన్లు, ఒక కూలరు రాసుకుంది.

"లోపల గదిలో ఇంకో కూలరు ఉండాది. అది కూడా రాసుకోమ్మా," అంది మస్తానాబీ సంబరంగా.

నెల తర్వాత రిపోర్టు వచ్చింది. అందులో ఆఫీసు ఫోటో పక్కనే వాళ్ల ఇంటి ఫోటో ఉంది.

"ఆఫీసు కంటే మన ఇంటికే పెద్ద నంబరు వేసినారు," అంటూ మస్తానాబీ వీధంతా తిప్పి చూపించింది.

అది పొగ నంబరని చెప్పే ధైర్యం పీరాసాబ్‌కు లేకపోయింది. మర్నాడు మాత్రం ఇంట్లోకి ఎండ వేడి దిగకుండా మిద్దె మీద తెల్లగా సున్నం కొట్టాడు.