నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

మీరు చివరిసారిగా పళ్ళు కనిపించేలా నవ్వి ఫోటో దిగింది ఎప్పుడు?

వెంటనే జవాబు తోచిందంటే మీరు బహుశా మా వైపు వారు కారు. కట్టంగూరు దగ్గర హైవే దిగి లోపలికి వెళ్ళే మట్టి రోడ్డు చివర మా ఊరు. అక్కడ ఏ ఇంట్లో పెళ్ళి ఆల్బమ్ తెరిచినా వరుసగా బిగించిన పెదవులే కనిపిస్తాయి. ఫోటోలు తీసేవాడు "జర నవ్వుండ్రి" అని బతిమాలితే మా వాళ్ళు కళ్ళతో నవ్వుతారు. మా బోర్ల నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పుడు ఆ నీళ్ళు తాగి పెరిగిన వారి పళ్ళ మీద ముందు సుద్ద గీతల్లాంటి తెల్లని చారలు, తర్వాత పసుపు, ఆ తర్వాత కాఫీ రంగు మరకలు వస్తాయి. ఒకసారి నల్లగొండ బస్సులో నా పక్క సీటామె నేను మాట్లాడుతుండగా నా నోటి వంకే చూసి, "ఏ ఊరని అడుగుడేంది, పండ్లు జూస్తె తెల్వదా" అని తన తోడొచ్చినామెతో అంది. నేను మిగిలిన దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నా పళ్ళ గురించే రాయాలని మొదలుపెట్టాను. అయితే ఇన్నేళ్ళుగా నన్ను కలవరపెడుతున్న పళ్ళు నావి కావు. అవి మా అన్న కూతురివి, ఇంకా చిగురు దాటి బయటికి రానివి.

నా సంగతి ముందు చెప్పాలి. మరక అంటే మురికి అని నేను పదేళ్ళ వరకూ నమ్మాను. ఉప్పు, నిమ్మరసం, బొగ్గు పొడి, చివరికి ఇటుక పొడితో కూడా తోమాను. చిగుళ్ళ నుంచి నెత్తురు కారేది, మరక మాత్రం కదిలేది కాదు. నల్లగొండలో హాస్టల్లో చేరాక ఒక పిల్ల "నువ్ పసుపు ముద్దలు తింటవానె?" అని అందరిముందు అడిగింది. ఆ రోజు నా కుడిచెయ్యి నోటి మీదికి వచ్చింది. డిగ్రీలో డిబేట్ జట్టులో చేరినప్పుడు కూడా అది దిగలేదు. ఎడమచేతిలో మైకు, కుడిచెయ్యి పై పెదవి దగ్గర. చాలామంది అది నా ఆలోచనా భంగిమ అనుకున్నారు.

ఆ చెయ్యి అడ్డం పెట్టుకునే ఒక పోటీలో, "సౌందర్య చికిత్స వ్యక్తి హక్కు" అన్న అంశాన్ని సమర్థిస్తూ మాట్లాడి గెలిచాను. తన ముఖం తనకు నచ్చేలా మార్చుకునే స్వేచ్ఛ మనిషికి ఉండాలన్నాను. ఆ వాదనను నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ మార్కుల కాగితం అడుగున ఒక న్యాయనిర్ణేత రాసిన వాక్యం మాత్రం లోపల గుచ్చుకుంది. "వాదన బలంగా ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడడం నేర్చుకోవాలి."

మూడు వారాల్లో హైదరాబాదులో తుది పోటీ ఉంది. ఆ మూడు వారాల్లోనే నా నోరు మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను. ఫోన్ తెరిస్తే చాలు, నవ్వును తీర్చిదిద్దుతామనే వీడియోలు వరసకట్టేవి. చికిత్సకు ముందు ఒక మొహం, తర్వాత పాలరాయి లాంటి పలువరసతో అదే మొహం. పై వరుసలో పది పళ్ళను అరగదీసి వాటి మీద క్యాపులు తొడిగించుకుంటే చాలని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఎదుటి పక్షాన్ని ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసేదాన్ని, నన్ను నేను ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు.

నల్లగొండలో పళ్ళ డాక్టరు దగ్గరికి నాతో మా వదినె వచ్చింది. ఆమె చంకలో అన్న కూతురు. అప్పటికి పిల్లకు రెండేళ్ళు దాటి కొన్ని నెలలు. పాలపళ్ళన్నీ వచ్చేశాయి, జొన్న గింజల్లా తెల్లగా ఉండేవి. "మా బిడ్డ పండ్లు జూడు మర్దలా, నీ లెక్క గావు" అని వదినె ఎగతాళి చేసేది. నాకు కోపం రాలేదు. ఆ తెలుపు చూసి మా ఇంటికి పట్టిన పీడ వదిలిందనుకున్నాను.

డాక్టరు నడివయసు ఆవిడ. అద్దంతో నా పళ్ళన్నీ చూసి, కుర్చీ పైకి లేపి కూర్చోబెట్టింది.

"పది పళ్ళు అరగదీయించుకుంటానన్నారు. ఎవరు చెప్పారు?"

"వీడియోలు చూశానండీ."

"వీడియోలో అరగదీసేటప్పుడు చూపించారా?"

చూపించలేదు. ఆవిడ కాగితం తీసుకుని ఒక పన్ను బొమ్మ గీసింది. మరక పైపొరలోనే ఉంటే ఆ పొరను పలుచగా రుద్ది, తర్వాత మరక రంగు తగ్గించే మందు పెట్టవచ్చునంది. చారలు పూర్తిగా పోకపోయినా లేతబడతాయి. అప్పటికీ చాలకపోతే ముందరి పళ్ళ మీద పన్ను రంగు పూత వేయవచ్చు. ఆ పూత కొన్నేళ్ళకు మాసిపోతుంది, మళ్ళీ వేయించుకోవాలి. ఇంకా కావాలంటే గోటి మందం బిళ్ళలు అతికించవచ్చు, వాటికి పన్నును కొద్దిగా చెక్కాలి. క్యాపులకైతే చుట్టూ బాగా అరగదీయాలి. పన్ను పెళుసుబారి విరిగిపోతున్న వారికి అది అవసరం కావచ్చు. "మీ పళ్ళు గట్టిగా ఉన్నాయి. రంగు ఒక్కటే సమస్య. అరగదీసింది మళ్ళీ పెరగదు. క్యాపు కూడా జీవితాంతం ఉండదు. మీకు ఇరవై ఏళ్ళు. లెక్క మీరే వేసుకోండి."

నేను గెలిచిన వాదనలో ఈ భాగం లేదు. హక్కు గురించి గంటలకొద్దీ మాట్లాడినదాన్ని, వెనక్కి తీసుకోలేని నిర్ణయాల గురించి ఒక్క మాటా అనలేదు. రుద్దించుకోవడం సరిపోతుందా, పోటీ నాటికి తేడా కనిపిస్తుందా అని అడగబోతున్నాను. అంతలో ఆవిడ చూపు నన్ను దాటి వెళ్ళింది.

వదినె ఒళ్ళో పిల్ల ఏదో చూసి నవ్వింది. నవ్వుతూనే చిన్న అరచేతిని తన నోటికి అడ్డం పెట్టుకుంది. అచ్చం నాలాగే.

"అత్తను జూసి నేర్సింది" అంది వదినె మురిపెంగా.

దాచుకోవడానికి ఏమీ లేని పళ్ళను ఆ పిల్ల దాచుకుంటోంది.

డాక్టరు అడిగింది, "పాపకు ఏ నీళ్ళు తాగిస్తున్నారమ్మా?"

వదినె గర్వంగా చెప్పింది. "కాగవెట్టిన నీళ్ళే డాక్టరమ్మా. ఇరవై నిమిషాలు మసలనిచ్చి, సల్లార్చి, గుడ్డల వడగట్టి తాపుతం. ఒక్క పూట గూడ తప్పలే."

"కాగబెట్టేది ఏ నీళ్ళు?"

"మా బోరు నీళ్ళే. నల్లా వస్తది గని, గా కృష్ణ నీళ్ళు బ్లీచింగు మందు వాసనొస్తయ్. బర్లకు వెడ్తం, గిన్నెలు తోముతం."

డాక్టరు కలం కింద పెట్టింది. "ఇంట్లో బర్రెలు ఉన్నాయన్నమాట. పాలు బాగా మసలనిస్తే పలచబడతాయా, చిక్కబడతాయా?"

"సిక్కవడ్తయ్" అంది వదినె. అన్న వెంటనే ఆమె ముఖంలో రంగు మారింది.

మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం ఆవిరై పోదని డాక్టరు చెప్పింది. నీరు తగ్గుతుంది, అది గిన్నెలోనే మిగులుతుంది. పాలపళ్ళు తెల్లగా ఉన్నాయని నమ్ముకోవద్దంది. వాటి కింద ఎముకలో శాశ్వత పళ్ళు ఇప్పుడే తయారవుతున్నాయి, ఎనిమిదేళ్ళ లోపు తాగే నీళ్ళ గుర్తు వాటి మీద పడుతుంది.

"మరి ఇప్పటిదాంక తాగిందో?" వదినె అడిగింది.

"తాగింది తీసేయలేం. ఇవ్వాళే బోరు నీళ్ళు మాన్పించి, ఆ నల్లా నీళ్ళే తాగించండి. ఎంత ముందు మానితే అంత మేలు. ముందరి పళ్ళు ఆరేడేళ్ళకు వస్తాయి. అప్పుడు తెలుస్తుంది."

ఇంటికి వచ్చే బస్సులో వదినె పిల్ల నీళ్ళ సీసాను కిటికీలోంచి వంపేసింది. పిల్ల మంచి నీళ్ళు తాగాలని ఆమె పడిన శ్రద్ధే ఆమెను ఇప్పుడు కాలుస్తోందని నాకు తెలుసు. కానీ నా లోపల జరుగుతున్న విచారణలో నిందితురాలిని నేనే. మా బోరు నీళ్ళ సంగతి బడిలో చదివాను. కాలేజీలో దాని మీద మూడు నిమిషాలు అనర్గళంగా ప్రసంగించాను కూడా. ఆ స్టీలు గ్లాసును పిల్ల నోటికి అందించింది చాలాసార్లు నా చెయ్యే. మరగబెట్టారు కదా అని నేనూ నమ్మాను. అద్దంలో నా పళ్ళను ఇంత దీక్షగా చూసుకున్నదాన్ని ఆ గ్లాసులోకి ఒక్కసారీ చూడలేదు.

ఇంట్లో ఎదుటి పక్షం మా అవ్వ. మా నాన్నను కన్న తల్లి. అవే నీళ్ళకు ఎముకలు బిగుసుకుని మోకాళ్ళు పూర్తిగా చాపలేదు, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి.

"మేమంత గీ నీళ్ళే తాగి బతకలేదా? నా పండ్లు జూడు, బంగారమోలె లేవా?" అని నవ్వింది. ఆమె మాత్రం ఎన్నడూ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

నేను కారణాలు వరుసగా చెప్పాను. ఎముకల సంగతి, ఎనామెల్ సంగతి. అవ్వ మధ్యలోనే ఆపింది. "గా ఉపన్యాసం మైకుల జెప్పు పో. కప్పు గెలుస్తవ్."

నేను ఓడిపోయానని ఒప్పుకుని కూర్చున్నాను. అప్పుడు వదినె పొయ్యి దగ్గరికి వెళ్ళి పిల్లకు నీళ్ళు కాగబెట్టే గిన్నె తెచ్చి అవ్వ ముందు వంచి పట్టింది. గిన్నె లోపల సున్నం పూసినట్టు తెల్లని పొర. అవ్వ గోటితో గీకింది. గోరు కింద పొడి నిలిచింది. అది ఫ్లోరైడ్ కాదని, నీళ్ళలోని వేరే ఉప్పు అని నాకు తెలుసు. చెప్పాను కూడా, ఎందుకంటే తప్పుడు సాక్ష్యంతో గెలవడం నాకు ఇష్టం లేదు. "గది గాదవ్వా. గని గీ ఉప్పెట్ల పోలేదో, ఫ్లోరైడ్ గూడ గట్లనే పోదు."

అవ్వ గోరు చూసుకుంది. తర్వాత అరుగు మీదున్న నీళ్ళ క్యాను వైపు చూసింది. చుట్టాలు వస్తే ఇవ్వడానికి తెప్పించి, మిగతా రోజుల్లో మూత తీయని క్యాను.

"సుట్టాలకు క్యాను నీళ్ళు. బర్లకు కృష్ణ నీళ్ళు. ఇంటి పిల్లకు మాత్రం గియ్యా?" అంది. "గంత సదువు సదివినవ్, గిదేందె పిల్లా, గిప్పుడు జెప్తున్నవ్?"

నేను లేచి ఆ క్యాను మూత తీసి పిల్ల గ్లాసు నింపాను.

మర్నాటి నుంచి పద్ధతి తిరగబడింది. నల్లా నీళ్ళు పట్టి, గుడ్డ కప్పి, సగం రోజు రంజన్ అనే మట్టి కుండలో ఉంచితే మందు వాసన చాలావరకు పోతుంది. మట్టి చల్లదనం కూడా తోడవుతుంది. అవ్వ మొదటి గుటకకు మొహం చిట్లించి, "సప్పగున్నయ్" అంది. రెండో గ్లాసు తానే ముంచుకుంది. ఎముకలకు మంచిదని పిల్లకు పాలు, ఆకుకూర, ఉసిరికాయ మానకుండా పెడుతున్నాం. నల్లా రాని రోజున మాత్రం ఇంట్లో అందరి ముఖాలూ మాడిపోతాయి. బోరు స్విచ్ దగ్గరికి ఎవరు వెళ్ళినా వదినె కళ్ళు అటే ఉంటాయి.

నా పళ్ళ పైపొరను రుద్దించుకున్నాను. క్యాపులు వద్దనుకున్నాను. మరకలు లేత గోధుమ రంగుకు వచ్చి ఆగాయి. హైదరాబాదు పోటీలో మూడో స్థానం వచ్చింది, ఆ రోజు రెండు చేతులూ బల్ల మీదే ఉంచాను. అలవాటు గొప్పది, వేళ్ళు మాటిమాటికీ లేవబోయేవి. ఆ పిల్ల చూస్తోందని గుర్తు చేసుకుని దించేదాన్ని. కావాలనుకున్నవారు పళ్ళు మార్చుకోవడంలో తప్పు లేదని నేటికీ అంటాను. ఏది తిరిగి రాదో తెలుసుకుని మార్చుకోమని మాత్రం కలుపుతాను.

ఇప్పుడు పిల్లకు ఆరో ఏడు నడుస్తోంది. పోయిన వారం కింది వరుసలో ముందరి పన్ను కదులుతోందని పరుగెత్తుకుంటూ వచ్చి నోరు తెరిచి చూపింది. వదినె నా వైపు చూసింది. నేను టార్చి వేసి, వేలితో తడిమి చూశాను. పాలపన్ను వెనక, చిగురులో ఒక చిన్న గట్టిదనం. ఏ రంగో తెలియదు. రెండేళ్ళకు పైగా మేం ప్రేమగా పోసిన నీళ్ళు అందులో ఎంత మిగిలాయో తెలియదు. రోజూ పొద్దున్నే పిల్ల ముఖం కడుక్కునేటప్పుడు ఇద్దరం చెరోవైపు నిలబడుతున్నాం. ఏ రంగు వచ్చినా ఆ పిల్ల ముందు మా ముఖాలు మారకూడదని ఒప్పందం చేసుకున్నాం.

మీ ఇంట్లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే, దయచేసి ఇప్పుడే లేచి వంటింట్లోకి వెళ్ళండి. వాళ్ళ గ్లాసులోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడగండి. బోరు నుంచి అయితే ఒక సీసాలో పట్టి నీటి పరీక్షకు ఇవ్వండి, ఫలితం వచ్చేదాకా ఆ నీళ్ళు పిల్లలకు ఆపండి. కాగబెట్టాం కదా అని ఊరుకోకండి. మేం ఊరుకున్నాం.