బడికి వెళ్లని పిల్లల సంఘం

మా చిన్నప్పుడు పట్టిసీమలో మమ్మల్ని చూసిన ప్రతి పెద్దమనిషీ అడిగే మొదటి మాట... "ఏ స్కూలమ్మా?"

"స్కూలుకి వెళ్లమండి, ఇంట్లోనే చదువుకుంటాం" అనేదాన్ని. వెంటనే వాళ్ల ముఖం మారిపోయేది. ఎదురింటి మామ్మగారైతే నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "ఒంట్లో బాగోదేంటమ్మా?" అని అడిగారు. మర్నాటి నుంచి రోజూ కొబ్బరి నీళ్లు పంపించేవారు. నేనూ తమ్ముడూ కాదనలేదు...

మా అమ్మ అంతకుముందు టీచరు. ఉద్యోగం మానేసి మా ఇద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పేది. చదువుకి లోటు లేదు. ఇబ్బందల్లా ఆటల దగ్గరే. సాయంత్రం దాకా వీధిలో పిల్లలుండరు. స్కూలు నుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే ట్యూషన్‌కి పోయేవారు. కబడ్డీలో నేనొక జట్టు, తమ్ముడొక జట్టు...

ఒకరోజు తమ్ముడు గోడ మీది బల్లికి పేరు పెట్టి, దాంతో కబుర్లు చెప్పడం అమ్మ కంటపడింది. ఆ సాయంత్రమే ఒక కాగితం రాసి జిరాక్సు కొట్టు గోడకి అంటించి వచ్చింది. "బడికి వెళ్లని పిల్లలున్న కుటుంబాలకు ఆహ్వానం. ఆదివారం ఉదయం పది గంటలకు మా డాబా మీద కలుద్దాం."

మాలాంటి కుటుంబాలు చుట్టుపక్కల ఊళ్లలో నాలుగైనా ఉండకపోతాయా అని ఆవిడ ఆశ.

ఆదివారం పెద్ద గిన్నెడు పులిహోర కలిపింది. నాన్న డాబా అంతా చాపలు పరిచారు. సరిగ్గా పదింటికి మొదటి అతిథి వచ్చారు... చేతిలో రిజిస్టరుతో. బడి మానేసిన పిల్లల పేర్లు రాసుకునే ఉద్యోగి ఆయన.

"ఇక్కడైతే అందరూ ఒక్కచోటే దొరుకుతారని వచ్చానండి" అన్నారు, ఖాళీ చాపల వైపు చూస్తూ.

అమ్మ మా నోటుపుస్తకాలన్నీ ఆయన ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు పులిహోర వేయించుకుని, తమ్ముణ్ని పదమూడో ఎక్కం అడిగారు. వాడు తప్పు చెప్పాడు. "బాగానే చెప్పాడండి" అని, ఏమీ రాసుకోకుండా వెళ్లిపోయారు.

ఆయన వీధి మలుపు తిరిగే దాకా గేటు చాటున ఆగి, అప్పుడు పైకొచ్చింది సత్యవతి. మా వీధిలో చేపలమ్మేది. పక్కనే కూతురు మంగ, నా ఈడుది. అయిదో తరగతితో చదువాపేసి తల్లితో తిరుగుతోంది.

"అమ్మగారూ, బడికెల్లని పిల్లలకి పులిహోర పెడతన్నారంట కదండీ... మా పిల్లా ఎల్తల్లేదండి."

 అమ్మ మంగకి విస్తరి వేసింది.

అలా ముగ్గురు సభ్యులతో మా సంఘం మొదలైంది. చేపల పని అయ్యాక మంగ రోజూ మధ్యాహ్నం వచ్చేది. అమ్మ మాతోపాటే పాఠం చెప్పేది. మంగ మాకు వల అల్లడం నేర్పేది. నేను అల్లిన వల చూసి, "ఇందులోంచి ఏనుగైనా ఎల్లిపోద్ది" అంది. తమ్ముడు బల్లిని పూర్తిగా మర్చిపోయాడు.

ఏడాది తిరిగేసరికి మంగ ఏ పుస్తకం ఇచ్చినా గడగడా చదివేస్తోంది. జూన్ వస్తుండగా అమ్మ దాన్ని అడిగింది.

"నీకేం చెయ్యాలనుందే?"

మంగ తలొంచుకుని చెప్పింది. "బడికెల్తానండి. అక్కడ సేనామంది ఉంటారు కదండి."

అమ్మ సత్యవతిని ఒప్పించి, తనే వెంట వెళ్లి దాన్ని హైస్కూల్లో చేర్పించి వచ్చింది. బడికి వెళ్లని పిల్లల సంఘంలో మూడోవంతు బడికి వెళ్లిపోయింది... తమ్ముడు రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. నేను పెరట్లో కూర్చుని ఏడ్చాను. అమ్మ కూడా ఆ వారం పాఠాలు సరిగ్గా చెప్పలేదు.

ఆ ఆదివారం మెట్ల మీద దడదడమని చప్పుడు. మంగ... దాని వెనక ఏడుగురు ఆడపిల్లలు.

"ఈళ్లందరూ బడికెల్లే పిల్లలేనండి" అంది భయంభయంగా. "పర్లేదాండి?"

"చెప్పులు కింద విప్పి రమ్మను" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజు తొలిసారి కబడ్డీలో నాకంటూ ఒక జట్టు దొరికింది. మేం ఓడిపోయాం. అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ ఓడిపోలేదు...

ఇప్పుడు నా కూతురూ ఇంట్లోనే చదువుతోంది. ఫోన్లో ఒక్క మెసేజీ పెడితే చాలు, మాలాంటి కుటుంబాలు ఎన్నెన్నో గ్రూపులో చేరిపోతున్నాయి. శనివారం పిల్లలంతా స్క్రీన్ మీద కలుస్తారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లందరూ మ్యూట్‌లో... ఎంత బుద్ధిమంతులో. చూస్తుంటే ఎవరైనా కాస్త గోల చేస్తే బాగుండునని ఉంటుంది.

బడి బయట మీకు దొరికిన నేస్తం ఎవరు? ఆ పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి...