పోపుల డబ్బాలో వాక్యం

మా నల్లమ్మకు దేవుడి వాక్యం బాగా తెలుసు. ఏ వాక్యం ఎవరి కోసం రాసి ఉందో కూడా ఆమెకే తెలుసు. సోమరితనం గురించి ఉన్నదంతా మొగుడు తిమ్మప్పకు. నాలుక గురించి ఉన్నదంతా చర్చిలో డోలక్ వాయించే నాకు. గర్వం గురించి ఉన్నది వీధిలో ఎవరు ఎదురైతే వాళ్లకు. అందరికీ పంచగా తనకు దీవెనలు మాత్రమే మిగిలేవి.

ఆమెను అనడానికీ లేదు. కంబదూరుకు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. వానొస్తే వేరుశనగ, రాకుంటే కూలి. నల్లమ్మ యాభై ఏళ్లు వేలిముద్రతోనే బతికింది. తిమ్మప్ప జ్వరంతో మంచం పట్టి, ఇక లేవడనుకున్నప్పుడు మా చర్చివాళ్లు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన లేచి తిరిగాడు. తర్వాతి ఆదివారమే నల్లమ్మ చర్చికి వచ్చింది, కొన్నాళ్లకు బాప్తిస్మం తీసుకుంది. అక్షరాలు కూడా బైబిలు ఒళ్లో పెట్టుకునే నేర్చుకుంది. రాళ్ల చేలో గుంటక తోలినట్టు ఆగి ఆగి, వేలు పెట్టి చదివేది. అంత కష్టపడి చదివింది ఊరికే పోనిస్తుందా? కొత్త బిచ్చగాడు పొద్దెరగడు.

ఆ కొత్తలోనే భద్రమ్మతో చెడింది.

భద్రమ్మది పక్కిల్లే, ఇద్దరి మధ్యా ఒకటే గోడ. ఒకే గుంపుగా కూలికి పోయేవాళ్లు, కలుపు తీసినా కాయ పీకినా పక్కపక్క సాళ్లే. ప్రతి ఉగాదికీ భద్రమ్మ గోడ మీదుగా ఓళిగలు, అదే బొబ్బట్లు, అందించేది, నల్లమ్మ కొంగు పట్టి అందుకునేది. నల్లమ్మ బాప్తిస్మం తీసుకున్నాక వచ్చిన మొదటి ఉగాదికి మాత్రం భద్రమ్మ గోడ దగ్గర ఆగకుండా నేరుగా వాకిట్లోకి వచ్చింది, గిన్నె మీద పళ్లెం మూసుకుని. ఏదో చెప్పబోయింది కూడా. నల్లమ్మ చెప్పనిస్తే కదా!

"బొమ్మలకు పెట్టింది మేము తినమక్కా. ఎత్తుకొని పో," అంది, వీధంతా వినబడేట్టు. పైగా ఒక వాక్యం కూడా తగిలించింది.

భద్రమ్మ గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. అప్పట్నుంచీ మాటల్లేవు. కూలికి పోతే ఒకరు ఈ చివర సాలు, ఇంకొకరు ఆ చివర సాలు. నాకైతే ఒళ్లు మండింది. ఓళిగ వద్దనుకుంటే వద్దను, గిన్నెతో పాటు మనిషిని కూడా తిప్పి పంపాలా? ఆ మాటే పైకి అన్నాను. నాలుక గురించిన వాక్యం ఒకటి వచ్చి నాకు తగిలింది.

అట్లా మూడు ఉగాదులు గడిచిపోయాయి.

మా చర్చిలో జనవరి ఒకటిన ఆరాధన కాగానే వాగ్దాన చీటీలు తీస్తాం. డబ్బాలో చెయ్యి పెట్టి తలా ఒకటి తీసుకుంటే, అందులో వచ్చిన వాక్యమే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. ఎప్పుడూ అచ్చు చీటీలు కొనుక్కొచ్చేవారు. అన్నీ దీవెనలే. పంచాంగంలో ఆదాయ వ్యయాలు చూసుకున్నట్టు మేమూ చూసుకుని, తలుపుకు అంటించుకుని, మళ్లీ జనవరి దాకా మర్చిపోయేవాళ్లం.

ఈ ఏడాది కొత్తగా వచ్చిన పాస్టరు జాకబ్ అయ్యగారు చీటీలు తన చేత్తోనే రాశారు. దీవెనల మధ్యలో ఆజ్ఞలు కూడా కలిపారు. అదీ మాకు చెప్పకుండా. తిమ్మప్పకు చీమలను చూసి బుద్ధి తెచ్చుకోమని వచ్చింది. ఆయన ఆ రోజు పొద్దుగూకేదాకా వాకిట్లో కూర్చుని, ఒక్క పనీ ముట్టుకోకుండా, చీమలనే చూశాడు. నాకు నోరు అదుపులో పెట్టుకోమని వచ్చింది. దాని సంగతి ఇప్పుడెందుకు?

నల్లమ్మ తన చీటీని కూడబలుక్కుని చదివింది. కానుక పట్టుకుని దేవుడి దగ్గరికి వచ్చినప్పుడు, నీ మీద ఎవరికైనా మనసులో నొప్పి ఉందని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలిపెట్టు, ముందు పోయి వాళ్లతో సమాధానపడు, తర్వాత వచ్చి ఇవ్వు. అదీ దాని సారం.

"ఇదేం వాగ్దానం అయ్యగారూ? ఇది పని చెప్పినట్టుండాది," అంది.

"పని చెప్పేది గూడా ఆ దేవుడే కదమ్మా."

"నాది మార్చియ్యండి. ఇంగొకటి తీసుకుంటా."

"మార్చేదానికి ఇదేమన్నా రేషన్ బియ్యమా?"

"నాకిది సరిపోదు అయ్యగారూ. నాకు ఎవురి మీదా కోపం లేదు. ఆ భద్రమ్మను ఎప్పుడో క్షమించేసినా."

జాకబ్ అయ్యగారు నెమ్మదిగా అన్నారు. "నీకు కోపం ఉండాదా అని అది అడగలేదమ్మా. ఆయమ్మకు నొప్పి ఉండాదా అని అడుగుతాండాది."

నల్లమ్మ చీటీని కొంగున ముడేసుకుని విసవిసా ఇంటికి నడిచింది.

అంతమాత్రానికి తగ్గే మనిషా? కళ్యాణదుర్గంలో చెల్లెలు పోయే చర్చిలో చీటీలు మిగిలాయని విని, బస్సెక్కి పోయి, మంచి దీవెన ఒకటి తెచ్చుకుని తలుపుకు అంటించుకుంది. మరి మొదటి చీటీని ఏం చెయ్యాలి? వాక్యాన్ని పారేస్తే పాపం, పొయ్యిలో వేస్తే ఇంకా పాపం. మడిచి పోపుల డబ్బాలో ఆవాల కింద దాచింది. దాచడానికి అంతకంటే తెలివితక్కువ చోటు లోకంలో లేదు. ఆవాలకు చెయ్యి పెడితే చీటీ, జీలకర్రకు చెయ్యి పెడితే చీటీ. రోజుకు రెండు పూటలా చేతికి తగిలి తగిలి పసుపు పట్టింది, వద్దనుకున్నా కంఠతా వచ్చేసింది.

"ఏమ్మే, నీ వాగ్దానం తాలింపు వాసన కొడతాండాది," అనేవాడు తిమ్మప్ప.

ఈసారి వాన మొహం చాటేసింది. వేరుశనగ వేసిన వాళ్లకు విత్తనాలు కూడా తిరిగి రాలేదు. నల్లమ్మ పెరట్లో మాత్రం స్నానాల నీళ్లతో ఒక గుమ్మడి తీగ బతికింది. పాకి పాకి గోడెక్కి ఒకే ఒక్క కాయ కాసింది, అదీ గోడకు అవతల భద్రమ్మ వైపు వేలాడుతూ. కాయ బరువెక్కేసరికి భద్రమ్మ దాని కింద పాత గోనెపట్ట ఉయ్యాలలా కట్టింది. "కాయ మీద కన్నేసినాది," అని నల్లమ్మ రోజూ పొద్దున్నే లేచి, ఉందో లేదో తొంగి చూసుకునేది.

పంటల పండుగకు మా చర్చిలో ప్రతి ఇంటివాళ్లూ తమకు పండింది తెచ్చి ఇస్తారు. అందరిలోకీ పెద్ద కానుక తెచ్చినవాళ్లు వరసలో ముందు నడుస్తారు. ఆ ముందు చోటంటే నల్లమ్మకు ప్రాణం. బాప్తిస్మం తీసుకున్నప్పట్నుంచీ దాన్ని ఎవరికీ వదల్లేదు. ఈ కరువులో ఆ గుమ్మడికాయకు ఎదురేముంది? మిగతావాళ్లు కోడిగుడ్లు, సొరకాయలు, ఒకాయన కోడిపుంజు తెచ్చారు.

పాట ఎత్తుకున్నాం. కొత్త చీర కట్టుకుని, భుజం మీద గుమ్మడికాయతో నల్లమ్మ పెళ్లికూతురిలా నడిచొస్తోంది. సగం దూరం వచ్చి ఠక్కున ఆగిపోయింది. అయ్యగారు ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ అనలేదు. కాయ జారకుండా కింద చెయ్యి పెట్టింది, అంతే. ఆ అడుగున గోనెపట్ట అచ్చు గళ్లు గళ్లుగా పడి ఉంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నారని సామెత. మా నల్లమ్మ గుమ్మడికాయనే తడుముకుంది.

కాయను నడిదారిలో కింద పెట్టింది. మొహం మాత్రం కందగడ్డలా ఉంది. "పాట ఆపొద్దండి. ఇప్పుడే వస్తా," అని గిర్రున తిరిగి బయటికి నడిచింది. నేను డోలక్ పక్కవాడి ఒళ్లో పెట్టి ఆమె వెనకాలే వెళ్లాను. వెళ్లకుండా ఉండగలిగే మనిషినైతే ఈ కథ మీకు తెలిసేది కాదు.

భద్రమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"అక్కా," అంది నల్లమ్మ.

ఆమె తలెత్తలేదు. "కాయ కోసుకొని పోయినావు కదా. ఇంగేమి?"

"ఆ పొద్దు ఓళిగలు తిప్పి పంపిస్తి. తప్పు జేసినా అక్కా."

చాట ఆగింది. "తినకపోతే పోయె. నడివీధిలో నిలబెట్టి అంటివి గదమ్మే. నేనేం చెప్పొస్తినో అదన్నా ఇంటివా?"

"లేదక్కా."

"దేవునికి పెట్టింది నువ్వు తినవని నాకు తెలీదా? మీ ప్రార్థనలన్నీ గోడ ఇవతలికి ఇనపడతానే ఉండాయి. అందుకే ఆ పొద్దు నైవేద్యం పెట్టకముందే నీ వంతు తీసి వేరే గిన్నెలో పెట్టినా. దేవుని కంటే ముందు నల్లమ్మకా అని మా అత్త నన్ను ఎన్ని మాటలన్నాదో! ఆ సంగతి చెప్దామనే వాకిట్లోకి వచ్చినా."

నల్లమ్మ నిలబడ్డ చోటే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గోడ పక్క నిలబడి నేనూ ఏడ్చాను, సిగ్గు పడకుండా చెప్తున్నాను.

కాసేపటికి ముక్కు చీది, "తినేదానికి ఇప్పుడేమన్నా ఉండాదా అక్కా?" అంది.

"ఉగాది పోయి ఎన్ని నెలలాయ, ఓళిగలు యాడుంటాయి? సంగటీ ఊరుబిండీ ఉండాది."

"పెట్టు."

ఏడుస్తూనే సంగటి ముద్ద మింగింది. మింగుతూనే, నంజుకున్న ఊరుబిండి పచ్చడిలో ఉప్పు తక్కువైందంది. ఇక సమాధానం కుదిరిందని నాకు నమ్మకం కలిగింది.

"ఆ గోనెపట్ట ఎందుకు కడితివక్కా?"

"కాయ రాలిపోతే నువ్వు నా మీదే కదా పడేది!"

మేము తిరిగి వెళ్లేసరికి చర్చిలో గుమ్మడికాయ పెట్టిన చోటే ఉంది. దాన్ని దాటి ఎవరూ ముందుకు పోలేదు. కోడిపుంజు ఆయన దాని వెనకే నిలబడి ఉన్నాడు, పుంజు రెండుసార్లు కూసిందట. నల్లమ్మ కాయ ఎత్తుకుని పక్కకు తప్పుకుని, "మీరు పోండన్నా," అని అందరినీ ముందుకు పంపింది. చివరాఖరికి తాను వెళ్లి కాయను పెట్టింది.

"సమాధానమైనాదా అమ్మా?" అడిగారు అయ్యగారు.

"అయినాది." రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ ఆగింది. "ఒక మాట అయ్యగారూ. ఆ చీటీ నా చేతికొచ్చినాక గూడా చేసేదానికి నాకు ఇన్నాళ్లు పట్టె. భద్రమ్మ నా కోసం ఎప్పుడో చేసి గిన్నెలో పెట్టుకొని వచ్చినాది. ఆయమ్మకు చీటీ ఎవురిచ్చినారు?"