గాలిలో వాయించిన ముక్క

మా ఆయన్ని టీవీలో చూసినవాళ్లంతా "నిద్రమొహం మాస్టారు" అంటారు. అననివ్వండి, ఆ నిద్రే మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. వారం వారం ఆ నవ్వుల కార్యక్రమంలో ఆయన వయొలిన్ తీసి, మహా గంభీరంగా, నిదానంగా సాగే శాస్త్రీయ కీర్తన ఎత్తుకునేవారు. సగంలో నిద్ర ముంచుకొచ్చినట్టు రెప్పలు వాలేవి. కమాను తీగల మీంచి మెల్లగా లేచి, చప్పుడు లేకుండా గాలిలో ఈదేది. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. గాలిలోనూ ఆయన పాట వదిలేవారు కాదు. కమాను మళ్లీ దిగేసరికి పాట ఎక్కడుండాలో అక్కడే ఉండేది. ఆ సంగతి ఎవడిక్కావాలి?

మా అమ్మాయికి ఈ నవ్వులు బొత్తిగా గిట్టేవి కావు. బడిలో ఎవరడిగినా "నాన్న ఆఫీసులో చేస్తారు" అని కోసేది. ఏ ఆఫీసే తల్లీ అని నేను దెప్పితే మొహం మాడ్చుకునేది. ఆయన పైకి నవ్వేసినా లోపల నలిగిపోయేవారు.

కార్యక్రమం ఆపేస్తున్నారని తెలిశాక, దర్శకుణ్ణి ఆయన ఒకే ఒక్కటి అడిగారు. "ఈ చివరిసారి ఆ నిద్ర వేషం లేకుండా మొత్తం వాయించనివ్వండి. మా అమ్మాయి వినాలి." దర్శకుడు సరేనన్నాడు. అమ్మాయిని బతిమాలి ముందు వరసలో కూర్చోబెట్టాను.

లైట్లు తగ్గాయి. పాట హాలంతా అలుముకుంటుంటే కూర్చున్నచోటే తేలిపోతున్నట్టనిపించింది. తీరా ఎప్పుడూ నిద్రలోకి జారే ఆ చోటు వచ్చేసరికి, ఇన్నేళ్ల అలవాటు ఊరికే పోతుందా, పాడు చెయ్యి, కమానుని గాలిలోకి లేపేసింది. హాలు గొల్లుమంది. ఈసారి ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. కమాను దించే దారి తెలీక గాలిలోనే లాగుతున్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

అంతలో నా పక్కనే సన్నగా పాట మొదలైంది. మా అమ్మాయి లేచి నిలబడి, ఆయన గాలిలో వాయిస్తున్న ముక్కని గొంతెత్తి పాడుతోంది. పొద్దున్నే ఆయన సాధన చేస్తుంటే నిండా ముసుగుతన్ని పడుకునే పిల్ల, అంతా వింటోందని ఎవరనుకున్నారు? నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన దాని వంకే చూస్తూ చూస్తూ, దాని గొంతు పట్టుకుని కమాను తీగల మీదికి దించారు. చివరిదాకా ఇద్దరూ కలిసే వెళ్లారు.

బస్సులో నేను కిటికీ వైపు తిరిగి హాయిగా ఏడ్చుకున్నాను. వెనక సీట్లో మా అమ్మాయి, "చివర్లో తొందరపడ్డావు నాన్నా," అంటోంది.

"నేనా? ఉరికింది నువ్వే," అన్నారాయన.

దిగేదాకా కొట్లాడుకుంటూనే ఉన్నారు.