నీళ్లు దిగిన రేవులో కరెంటు పడవ

మామ పడవ ఆగిపోయిందని ఫోన్ రావడంతో ఈ ప్రయాణం పెట్టుకున్నాను. మా మేనమామ సోమశిల దగ్గర కృష్ణ మీద మనుషుల్ని దాటిస్తాడు. నిరుడు వానాకాలం చివర డీజిల్ ఇంజన్ అమ్మేసి బ్యాటరీ మోటారు పెట్టుకున్నాడు, ఒడ్డున సోలార్ షెడ్డు వేయించాడు. నేను కొత్తకోటలో సోలార్ పలకలు బిగిస్తాను. పదో తరగతితో బడి ఆగింది, పని ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. షెడ్డు పాడైందనుకుని నన్ను పిలిచాడు.

పొద్దున బస్సెక్కితే వనపర్తి మీదుగా కొల్లాపూర్ చేరేసరికి ఎండ ముదిరింది. ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. అక్కడి నుంచి షేర్ ఆటో. డ్రైవర్ నా సంచిలోని పానాలు చూసి, "ఏం చెల్లే, కృష్ణను రిపేర్ చేస్తవా?" అన్నాడు.

"ముందు నీ ఆటో దగ్గు తగ్గిచ్చుకో అన్నా," అన్నాను.

షెడ్డులో ఏ లోపమూ లేదు. కరెంటు నిక్షేపంగా వస్తోంది. పడవ మాత్రం ఎక్కడో కింద, నెర్రెలు బారిన బురదకు అవతల చెప్పంత కనిపిస్తోంది. వేసవికి నీళ్లు దిగిపోయాయి. బ్యాటరీని కర్రకు కట్టి మామా అత్తమ్మా శవాన్ని మోసినట్టు గట్టెక్కించేవారట. అత్తమ్మ నడుము పట్టేయడంతో పడవ కట్టేశారు.

నాకు ఒళ్లు మండింది. "గీ జాగా ఎవడు చూపిచ్చిండు మామా? వానికి కండ్లు లేవా?"

మామ నేల చూశాడు. "నేనే పిల్లా. కాంట్రాక్టర్ కిందికే పెడ్దమన్నడు. నా చిన్నప్పుడు డ్యాం నీళ్లల్ల ఇల్లు మునిగె, శెల్క మునిగె. గిది గూడ మునుగుడెందుకని పైకి పెట్టిచ్చిన."

నేను సంచి విప్పి పానాలు బయటికి తీశాను.

"సముద్రంల ఓడలు గాలిమరల కాడ ఆగి కరెంటు నింపుకుంటయని ఫోన్ల చూపిస్తివి గదనే, గసొంటిది పెడ్తే?" అంది అత్తమ్మ.

"ఈడ గాలి కొట్టేది ఆషాఢంల. గప్పటికి నీళ్లే గట్టుకొస్తయి," అన్నాడు మామ.

పొద్దుగూకే దాకా షెడ్డు పలకలు విప్పి, బురద దాటించి పడవ కప్పు మీద బిగించాను. సగమే పట్టాయి. రోజంతా తిరిగిన పడవ ఇక పొద్దునోసారి, సాయంత్రమోసారి దాటుతుంది. మబ్బు పడితే అదీ లేదు.

"గింతదానితోని బువ్వ ఎల్తదా?" అంది అత్తమ్మ.

"ఎల్లది. నేను ఇటుక బట్టీకి పోత. పడవ నువ్వు నడుపు," అన్నాడు మామ.

ఆమె మోటారు పిడి మీద చెయ్యి వేసి తీసేసింది.

వీళ్ల ఊళ్లను ముంచి తీసిన కరెంటు ఎక్కడెక్కడికో పోయింది, వీళ్లకు భయం మిగిలింది. ఆ భయమే షెడ్డును గట్టెక్కించింది. మామను తిట్టబోయిన నోటితో ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు. కరెంటు పడవ పెట్టించేవాళ్లెవరైనా, ఎండ కరెంటా గాలి కరెంటా అని తేల్చుకునే ముందు మీరొకటి చేయండి: చార్జింగ్ జాగా చూడటానికి ఎండాకాలంలోనే వెళ్లండి, నీటి అంచు దాకా బురదలో నడవండి.