రెండో నిచ్చెన

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సుల కూసొని నోటుబుక్కుల యుద్ధనౌక బొమ్మ గీస్తున్న. పంతొమ్మిది వందల యాభైల నాటి క్రూయిజర్ రకం, కానీ ఎవ్వరూ కట్టనిది, నేను ఊహించుకున్నది. పక్కసీటు పెద్దమనిషి చాలాసేపు చూసి అడిగిండు.

"కింద మిషన్ల కాడ ఎంతమంది ఉంటరు?"

"ముప్పై మంది" అన్న, గొప్పగ.

"నిచ్చెన ఒక్కటే గీసినవేంది తమ్మీ?"

"రెండోది పెడితే ఫిరంగి గుండ్లకు జాగ సరిపోదన్నా."

ఆయన నా చేతిల పెన్సిల్ గుంజుకొని రెండో నిచ్చెన గీసిండు.

"గల్ఫుల ఓడ మీద పనిచేసిన. లోపలికి నీళ్లొచ్చిననాడు నిచ్చెన ఒక్కటే. ముందుగాల నేనెక్కిన, నా ఎన్కనే మా తమ్ముడు. పైకొచ్చి చూస్తే లేడు."

ఆయన లింగంపేటల దిగిపోయిండు.

ఆ నిచ్చెన వంకరగున్నది. చెరిపి సక్కగ గీద్దామంటే ఇప్పటికీ చేతులొస్తలేవు.