ల్యాబ్ మింగిన విమానం

ఆ రోజుల్లో ఫొటో తీయడం ఒక ఎత్తు, అది ఎలా పడిందో తెలిసేదాకా ఆగడం ఇంకో ఎత్తు. ఇప్పటి పిల్లలు నొక్కిన మరుక్షణం తెర చూసుకుని, నచ్చకపోతే చెరిపేస్తారు. మాకా భోగం ఎక్కడిది? రీలు సిటీలోని ల్యాబుకు పోవాలి, అక్కడ కడగాలి, ప్రింట్లు బస్సెక్కి శంషాబాద్ రావాలి. అప్పటిదాకా నేనో గొప్ప ఫొటోగ్రాఫర్‌నని అనుకోవడానికి అడ్డే ఉండేది కాదు. (రీలు కెమెరాతో నాకున్న సుఖం అదొక్కటే.)

మా మేనమామకు చిన్న స్టూడియో ఉండేది. విమానాశ్రయం తెరిచిన కొత్తలో, డిజిటల్ కెమెరా కొందామని నేను రోజూ ఆయన ప్రాణం తీసేవాణ్ణి. "ముందు రీల్ మీద ఒక్క ఫొటో సక్కగ తియ్యిరా, గప్పుడు జూద్దాం" అని కొట్టిపారేసేవాడు. సరిగ్గా అప్పుడే పాల్మాకుల నుంచి ఒక అవ్వ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయికి విమానాశ్రయంలో ఉద్యోగం దొరికింది. ఒంటిమీద ఇస్త్రీ మడత చెదరని యూనిఫాం.

"ఊర్ల ఎవ్వరు నమ్ముతలేరు బిడ్డా. ఆడివిల్లకు గాడ కొలువేందని నవ్వుతున్నరు. పిల్ల, ఇమానం రెండు ఒక్క ఫొటోల పడాలె. గోడకు కొడ్త, వచ్చినోళ్లంత జూడాలె" అంది అవ్వ.

మామ కెమెరా నా చేతికిచ్చాడు. "గిది మంచిగొస్తే డిజిటల్ కొంట. పాడుజేసినవో, ఇగ పోయి బర్లు కాసుకో" అన్నాడు.

అవ్వ జొన్నచేలో అమ్మాయిని నిలబెట్టి, మెడ పట్టేసేదాకా ఆకాశం చూశాను. చివరికి విమానం సరిగ్గా ఆమె తలపైకి వచ్చింది. నొక్కాను. అబ్బో, ఆ రోజు నా నడకే మారిపోయింది!

ప్రింటు వచ్చిన రోజు అవ్వా మనవరాలూ స్టూడియోలోనే ఉన్నారు. కవరు విప్పాను. అమ్మాయి ఉంది, జొన్నచేను ఉంది, విమానం లేదు. వెంటనే ల్యాబుకు ఫోన్ చేశాను. అక్కడ ప్రింట్లు సాఫు చేసే అన్న గర్వంగా చెప్పాడు: "ఆకాశంల తెల్లమచ్చ ఉండె. నెగెటివ్ మీద దుమ్ము పడ్డదనుకున్న. కుంచెతోటి జర నీలం అద్దిన. మస్తు మెహనత్ అయింది తమ్మీ!"

నాకు ఏడుపొక్కటే తక్కువ. బర్రెలు కళ్లముందే మేస్తున్నాయి. అవ్వ మాత్రం ఫొటో కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇమానం యాడికి వోతది బిడ్డా? రోజు మా ఇంటి మీదికెల్లే పోతది. నా పిల్ల గింత మంచిగ నవ్వంగ నేనెన్నడు జూడలే. పరేషాన్ గాకు."

మర్నాడు మామ తనే ల్యాబుకు పోయి, అదే నెగెటివ్‌తో విమానమున్న ప్రింటు తెచ్చి అవ్వకిచ్చాడు. ఆ నెలలోనే డిజిటల్ కెమెరా కొన్నాడు.

మొన్న ఆ అమ్మాయి, ఇప్పుడు పెద్ద ఆఫీసరమ్మ, తన కూతుర్ని తీసుకొచ్చింది. అదే చోట ఫొటో కావాలంది. (జొన్నచేను ప్లాట్లయింది, ఆకాశం మాత్రం అక్కడే ఉంది.) ఈసారీ విమానం సరిగ్గా తలపైనే దొరికింది. స్టూడియోకొచ్చి, ఫొటో శుభ్రం చేయమని కంప్యూటర్‌కు చెప్పాను. క్షణంలో చేసేసింది. విమానం మాయం!

పగలబడి నవ్వాను. ఒక్క మీట నొక్కి విమానాన్ని వెనక్కి తెచ్చాను.

"మా నాయనమ్మ రెండు ఫొటోలు గోడకు కొట్టింది అన్నా" అంది ఆఫీసరమ్మ. "వచ్చినోళ్లకు మొదాలు ఇమానం లేనిదే సూపెట్టేది, దాన్ల పిల్ల నవ్వొక్కటే కనవడ్తదని."

ఆ మాట నాకిన్నేళ్లూ తెలియదు. కవరు పట్టుకుని బర్రెలను తలచుకున్న ఆ కుర్రాడికి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.